వాన పడితే తగ్గుతుందన్నాను

ఎండ మనిషి చేత ప్రాణం తీయిస్తుందా అని ముప్పై అయిదేళ్ల వయసులో నన్నెవరైనా అడిగి ఉంటే, అడిగినవాడు మాట పూర్తి చేయకముందే అవుననేవాణ్ణి. అని ఊరుకునేవాణ్ణి కూడా కాదు, ఏ రోజు ఎన్ని డిగ్రీలో చెప్పి మరీ ఒప్పించేవాణ్ణి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం మనిషిని నేను. ఆ కుందేలును ఎక్కడ పట్టానో ముందు చెప్పాలి.

మాది రాయచూరు టౌను. తాతల కాలం నుంచీ అక్కడే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజార్లో ఉర్దూ. నాకు పద్నాలుగేళ్లప్పుడు, ఒక మే నెలలో, మా అమ్మ తమ్ముడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. మా ఇంటికి రెండు వీధుల అవతల దర్జీ పని చేసేవాడు. నాకు బడి నిక్కర్లు కుట్టేవాడు, జేబులు మాత్రం మోచేతి దాకా దిగేంత లోతుగా పెట్టేవాడు. ఎందుకలా చేశాడో ఎవరికీ అంతు చిక్కలేదు. ఏడుపులు అయ్యాక పెద్దవాళ్లు కూర్చుని ఒక మాట ఖాయం చేశారు. ఆ ఏడు ఎండలు మునుపెన్నడూ లేనట్టు కాశాయి, మనిషికి మతి తప్పింది. మా నాన్న అదే అన్నాడు, పాడె మోసినవాళ్లూ అదే అన్నారు. ఎండ మీద నెపం వేస్తే ఇంకెవరి మీదా వేయనక్కర్లేదు. భార్య మీద పడదు, అక్క మీద పడదు. ఎండ ఎదురు మాట్లాడదు కూడా.

అమ్మ మాత్రం చాలా ఏళ్ల తర్వాత, చేటలో కందిపప్పు ఏరుతూ, ఉన్నట్టుండి నాతో అంది: "పొయ్యే ముందు దినం మనింటికి వచ్చిండురా. అక్కా, నాకు మనసుల బాగలేదు అన్నడు. ఎండలకు గట్లనే ఉంటది, మజ్జిగ తాగి జరసేపు పండుకో అన్న. తాగి పోయిండు."

ఇంతే చెప్పి మళ్లీ రాళ్లు ఏరుకుంది. నేనూ ఇంకేమీ అడగలేదు. అమ్మ ఆ మాట అన్నేళ్లు కడుపులో పెట్టుకుని ఎలా తిరిగిందో అప్పుడు నాకు పట్టలేదు. నాకు వినబడింది ఎండ అన్న ఒక్క మాటే.

తర్వాత నాకు శక్తినగర్ థర్మల్ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. మొదటి యూనిట్లు నడుస్తూ, వాటి పక్కనే కొత్తవి లేస్తున్న రోజులవి. అక్కడ ఆవిరిని చల్లబరచడానికి కృష్ణ నీళ్లు వాడతారు. నీళ్లూ గాలీ వేడెక్కితే యంత్రం సత్తువ తగ్గుతుంది. అందుకని బయట ఎంత వేడిగా ఉందో షిఫ్టు షిఫ్టుకూ రాసి పెట్టాలి. ఆ రాసే మనిషిని నేనే. ఆవరణలో ఒక తెల్లరంగు చెక్కపెట్టె, లోపల రెండు థర్మామీటర్లు. ఒకటి మామూలుది, రెండోదాని అడుగున తడిగుడ్డ చుట్టి ఉంటుంది. నేను తలుపు తీసి, కళ్లు చిట్లించి, రెండు అంకెలు రాసుకుని వచ్చేవాణ్ణి. దీనికే నేను వాతావరణాన్ని మొత్తం ఏలుతున్నట్టు నడిచేవాణ్ణని మా సెక్షన్లో అందరూ నవ్వుకునేవారు. వాళ్లన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఆఫీసు రిజిస్టరులో రాసేది రాసి, ఇంట్లో నా సొంత నోటుపుస్తకంలో ఇంకొకటి రాసేవాణ్ణి. పేపరు జిల్లా పేజీలో ఎవరైనా ప్రాణం తీసుకున్నారన్న వార్త కనబడితే, ఆ తేదీ, దాని పక్కన ఆ రోజు ఎండ. పేరు రాసేవాణ్ణి కాదు. మామ కోసమే రాస్తున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. మా ఆవిడ ఒకసారి ఆ పుస్తకం తెరిచి చూసి, "గిసుంటివి ఇంట్ల పెట్టకుండ్రి, పిల్లలు తిరిగే ఇల్లు" అని దాన్ని ఇత్తడి బిందె వెనక్కి తోసింది.

ఆ పుస్తకాన్ని ఒకసారి టౌన్‌షిప్ డాక్టరమ్మకు చూపించాను. ఆమెది ధారవాడ వైపు. మా అందరి రోగాలు వినీ వినీ తెలుగు నేర్చుకుంది. పేజీలన్నీ తిప్పి, "వానాకాలం పేజీలు ఎక్కడ?" అంది.

"వానాకాలం రాయలేదు మేడమ్. జరిగేది ఎండాకాలంలనే గద."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. నవ్వు ఆపుకోవడానికేమో అనుకుంటాను. తర్వాత మెల్లగా చెప్పింది. "బిసిలుకూ, అదే ఎండకూ, దీనికీ ఏదో సంబంధం ఉందనే వాళ్లున్నారు. ఉండొచ్చు. వేడికి నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే ఓర్పు పోతుంది. కానీ అది ఊళ్లకు ఊళ్లు కలిపి చూసే మాట. మీ ఎదురుగా ఒక్క మనిషి కూర్చున్నాడు అనుకోండి. అప్పుడు ఆ మనిషిని అడగాలి, ఎలా ఉన్నావని."

నేను ముఖం ముడుచుకుని వచ్చేశాను. ధారవాడలో ఎప్పుడూ చినుకులే, ఆమెకు రాయచూరు ఎండ సంగతేం తెలుసని మనసులోనే కొట్టిపారేశాను.

మా పై ఇంట్లో ఒక టర్బైన్ ఆపరేటరు ఉండేవాడు. తెనాలి వైపు మనిషి, నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. భార్య సొంత ఊళ్లో టీచరు, కూతురు ఆమె దగ్గరే చదువుకునేది. ఇతను ఇక్కడ ఒక్కడే వండుకు తినేవాడు. నన్ను అన్నయ్యగారూ అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. మీ తెలుగుకు పక్కన ఒక మనిషిని పెట్టుకోవాలండీ అర్థాలు చెప్పడానికి అని ఆటపట్టించేవాడు. మీ మాటల్లోంచి అండీలు తీసేస్తే మిగిలేదేముంది అని నేననేవాణ్ణి. మా ఆవిడ పుంటికూర చేసి పంపితే, గిన్నె తిరిగి ఇస్తూ, "గోంగూర బావుంది వదినా" అని నొక్కి చెప్పేవాడు. "గా పేరు నీ ఊర్ల పెట్టుకో" అనేది ఆమె.

వేసవి మొదలైతే మా బ్లాకులో ఎనిమిది ఇళ్లవాళ్లం మేడ మీదే పడుకునేవాళ్లం. ఇళ్లలో గోడలు పొయ్యి పక్కన ఉన్నట్టు ఉడికేవి మరి. పొద్దు వాలగానే బకెట్లతో నీళ్లు మోసి మేడంతా చల్లడం, ఆవిరి లేచి తగ్గాక మంచాలు వేయడం. మాలో ఒక పద్ధతి ఉండేది. సెకండ్ షిఫ్టుకు వెళ్లినవాడి పక్క పక్కింటివాళ్లు వేసి ఉంచాలి. దుప్పటి పరిచి, తల దగ్గర నీళ్ల చెంబు పెట్టి, చెంబు మీద గ్లాసు బోర్లించాలి. ఎవరూ ఎవరికీ చెప్పి పెట్టిన రూలు కాదు. అందువల్ల ఎవరి మంచం ఖాళీగా ఉంది, ఎవరు వచ్చారు, ఎవరు దొర్లుతున్నారు, ఎవరు దగ్గుతున్నారు అన్నీ అందరికీ తెలిసేవి. పొద్దున్నే లేచి దుప్పట్లు దులిపితే చిమ్నీ బూడిద రాలేది. కన్నడంలో ఒకరు, ఉర్దూలో ఒకరు ఆ బూడిదను తిట్టుకుంటూ కిందికి దిగేవాళ్లం.

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం మేడ మీద ఇద్దరమే ఉన్నాం. అతను మగ్గుతో నీళ్లు చల్లుతున్నాడు, నేను బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. చల్లుతూ చల్లుతూ, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు: "అన్నయ్యగారూ, ఈ మధ్య నాకు బతకాలని అనిపించట్లేదండీ."

భయం వేస్తే మనిషి తనకు తెలిసినదాన్నే పట్టుకుంటాడు. ఎందుకని అడగలేదు. ఎన్నాళ్ల నుంచి అని అడగలేదు. "ఎండలు తమ్మీ, ఏం లేదు" అన్నాను. "ఇవాళ నలభై రెండు దాటింది. గింత ఎండలు కొడితే ఎవనికైనా గట్లనే ఉంటది. వాన పడనీ. వాన పడ్డంక తగ్గకపోతే నన్నడుగు."

"అంతేనంటారా?"

"అంతే. మిరుగు దాకా ఓపిక పట్టు."

మృగశిర కార్తెను మా వైపు మిరుగు అంటారు, వానలు అప్పుడే మొదలవుతాయి. అతను మగ్గు మళ్లీ బకెట్లో ముంచి, "సరేనండీ" అన్నాడు. ముఖం కొంచెం తేటపడింది కూడా. నేను మంచి మాట చెప్పానని సంతోషించాను. మా అమ్మ తమ్ముడికి మజ్జిగ ఇచ్చి పంపింది. నేను వానను ఇస్తానన్నాను. ఆ పోలిక ఆ క్షణంలో నాకు తట్టలేదు, ఇప్పుడు రాస్తుంటే కనబడుతోంది.

ఆ నలభై రోజులూ నేను అతన్ని కాచుకున్నట్టు పసిపిల్లల్ని కూడా ఎవరూ కాచుకోరు. అతని కిటికీలకు గోనెపట్టాలు కట్టి, మధ్యాహ్నాలు పైకెక్కి తడిపాను. వడదెబ్బ తగలకుండా చొక్కా జేబులో ఉల్లిగడ్డ పెట్టి పంపాను. దాని వాసనకు కంట్రోల్ రూములో పక్కవాళ్లు కుర్చీలు జరుపుకున్నారట. మా ఆవిడ రోజూ రాగి అంబలి పంపింది. సాయంత్రం అతని మంచం నా మంచం పక్కనే వేయించాను. రోజూ ఎండ ఎంతో చెప్పేవాణ్ణి, ఎన్ని రోజులు మిగిలాయో చెప్పేవాణ్ణి. అతను తల ఊపేవాడు. ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. అంకె చెప్పడం సులువు.

అతను పనిలో మాత్రం బంగారంలా ఉండేవాడు. వేసవిలో ఊళ్లన్నీ ఫ్యాన్లు తిప్పుకునేది మా కరెంటుతోనే కదా, యూనిట్లు ఆగకూడదు. ప్యానెల్ ముందు కూర్చుంటే మీటర్ల ముళ్లు ఎక్కడ కదిలినా అతని కన్ను పట్టేసేది. మనిషి లేకపోతే గడవని రోజులవి. అతను లేకపోతే నిజంగానే గడవదు. అది కూడా అతన్ని నిలబెట్టి ఉంటుందని నాకు చాలా కాలం తర్వాత తోచింది.

మిరుగు పెట్టిన మూడో రోజు మధ్యాహ్నం వాన పడింది. మా జిల్లాలో మొదటి వాన పడితే జనం ఎట్లా అవుతారో చూడాలి. పెద్దమనుషులు కూడా చెప్పులు విడిచి రోడ్డు మీద తిరుగుతారు. నేను తడుస్తూ పోయి చెక్కపెట్టె తెరిచాను. గంటలో పదమూడు డిగ్రీలు దిగింది. ఇంటికొచ్చి చూస్తే అతను బాల్కనీలో రెయిలింగు మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చెప్పలేదా తమ్మీ, పడ్డదా?" అని కింది నుంచే అడిగాను.

"పడిందండీ" అని నవ్వాడు.

గండం గడిచిందని మా ఆవిడతో అన్నాను. ఆ రోజు రెండు ఇళ్లకూ మిరపకాయ బజ్జీలు చేయించాను.

ఆ తర్వాత మా బ్లాకులో అన్నీ మారిపోయాయి, ప్రతి ఏడూ మారినట్టే. మంచాలు లోపలికి పోయాయి. తలుపులు మూతపడ్డాయి. ఎవరి పక్క వాళ్లే వేసుకున్నారు. అదే సమయానికి అతని యూనిట్‌ను ఓవరాలింగ్‌కు ఆపారు. వానలు పడితే డ్యాముల దగ్గర కరెంటు పుడుతుంది, మా యూనిట్లు విప్పి బాగు చేసుకోవడానికి అదే అదను. విప్పడం, బిగించడం మెకానిక్కుల పని. ఆపరేటర్లు పొద్దున వెళ్లి, ఆగిపోయిన ప్యానెల్ ముందు టీ తాగి, సాయంత్రం వస్తారు. మిగతా ఆపరేటర్లు అది పండుగ అనుకునేవాళ్లు. నేను కూడా అతనికి విశ్రాంతి దొరికింది అనుకున్నాను. ఇంక పైకి ఎక్కడం మానేశాను. ఎండే లేనప్పుడు తడపడానికి గోనెపట్టాలు ఎందుకు?

శ్రావణంలో అతను మా బకెట్టు తెచ్చి ఇచ్చాడు. రెండేళ్ల కిందట తీసుకున్నది. ఇంకో రోజు స్క్రూడ్రైవరు తెచ్చి ఇచ్చాడు. తర్వాత వాళ్ల అమ్మాయి బొమ్మల పుస్తకాలు మా పిల్లలకు ఇచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చాలా నిమ్మళంగా ఉన్నాడు. చూశావా, వానలకు మనిషి ఎంత హుషారయ్యాడో అని నేను మా ఆవిడతో అన్నాను.

ఒక ఆదివారం పొద్దున, సన్నగా తుంపర పడుతుంటే, ఆమె బట్టలు ఎక్కడైనా ఆరతాయేమో చూద్దామని మేడ ఎక్కి, ఆరేయకుండానే దిగి వచ్చింది.

"పైన ఆయన మంచం అట్లనే ఉన్నది, చూసిండ్రా?"

"ఏ మంచం?"

"నవారు మంచం. అందరూ తీసిండ్రు, ఆయన తియ్యలేదు. రెండు నెలల సంది నాన్తున్నది. నవారంతా బూజు పట్టింది."

"మర్సిపోయి ఉంటడు."

"మన బకెట్టు రెండేండ్లది యాదికున్నది, తన మంచం యాదికి లేదా?" అంది. చేతిలో తడి బట్టలు అలాగే ఉన్నాయి. "ఎవరి సామాను వాళ్లకు పంచి, తనది మాత్రం కుళ్లబెట్టుకునేటోడు బాగున్నట్టు కాదు. మీరు ఒకసారి పోయి రాండ్రి. ఎండ ముచ్చట పెట్టకుండ్రి. అడుగుండ్రి."

మెట్లు పన్నెండో పదమూడో. అవి ఎక్కడానికి ఆ రోజు నాకు పట్టినంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

తలుపు అతనే తీశాడు. ఇల్లు తుడిచినట్టు ఉంది. గ్యాస్ పొయ్యి తళతళలాడుతోంది, వండిన జాడ లేదు. కూర్చోమన్నాడు. మామూలుగా అయితే వాన గురించి మొదలుపెట్టేవాణ్ణి. గొంతు దాకా వచ్చింది కూడా. మింగేసి అడిగాను: "తమ్మీ, సచ్చిపోవాలని ఉన్నదా?"

అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని అంతవరకూ అనుకునేవాణ్ణి. అతని భుజాలు కిందికి దిగాయి. బరువు మోసుకొచ్చినవాడికి ఎవరో ఒక చెయ్యి వేసినప్పుడు దిగినట్టు దిగాయి.

"ఉందండీ" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఇవాళో రేపో అనుకుంటున్నాను."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా అతని ముందే ఏడ్చాను. ఏడుస్తూనే కోపంగా కూడా అన్నాను: "నాకెందుకు చెప్పలే? వాన పడ్డంక తగ్గిందనుకున్న."

అప్పుడతను చెప్పిన మాట నేను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నెమ్మదిగా, నన్ను నొప్పించకూడదన్నట్టు చెప్పాడు.

"మీరు వాన పడితే తగ్గుతుందన్నారు అన్నయ్యగారూ. నేను నమ్మాను. మే నెలంతా దాని మీదే బతికాను. రోజులు లెక్కపెట్టుకున్నాను. వాన పడింది. అందరూ తేరుకున్నారు. మీరు కిందనించి అంత సంతోషంగా పిలిచారు. నాకు తగ్గలేదని మీకెలా చెప్పనండీ? ఎండ వల్లే అయితే పోవాలి కదా. పోలేదంటే, అది ఎండ కాదు, నేనే. ఇంక నాకు తగ్గడమన్నది లేదు అనుకున్నాను."

నేను మంచిదనుకుని పెట్టిన గడువే అతనికి పిడుగులా మీద పడిందన్నమాట. నేను చెప్పిన తేదీ దాకా అతను ఆశను దాచుకున్నాడు, ఆ తేదీ దాటగానే ఆశ అయిపోయింది. ఎండాకాలంలో చుట్టూ ఎనిమిది ఇళ్లవాళ్ల మధ్య పడుకున్న మనిషిని, ముందు ప్యానెల్ ఉన్న మనిషిని ప్రమాదంలో ఉన్నాడని కాపలా కాశాను. నిజంగా ఒక్కడే అయిపోయిన రోజున, నా పని అయిపోయిందని చేతులు దులుపుకున్నాను.

దసరాకు తగ్గుతుందిలే అనే మాట నాలుక చివరకు వచ్చింది. అలవాటు అంత సులువుగా పోదు. పళ్లు బిగబట్టాను.

"ఎప్పుడు తగ్గుతదో నాకు తెల్వదు తమ్మీ" అన్నాను. "నిజంగ తెల్వదు. తగ్గేదాకా నేను వస్త. ఇవాళ నిన్ను ఒక్కణ్ణి వదిలిపెట్ట."

అతని ముఖంలో ఏదో కదిలింది. "మీకు తెలియనిది కూడా ఉందాండీ" అని నవ్వాడు. ఆ నవ్వు చిన్నదే. కానీ బాల్కనీ నవ్వులాంటిది కాదు.

ఒకే గొడుగులో డాక్టరమ్మ ఇంటికి నడిచాం. ఆదివారమని ఆమె అనలేదు. అతన్ని లోపల కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. నేను వరండాలో కూర్చున్నాను. బయటికొచ్చి, "మీరు అడిగారట కదా, మంచిది" అంది. నా పుస్తకం ఊసు ఎత్తలేదు. ఆమె మంచితనం అది. నేనైతే ఎత్తకుండా ఉండేవాణ్ణి కాదు.

అతని భార్యకు ట్రంకు కాల్ చేశాం. ఆమె వచ్చేదాకా అతను మా ఇంట్లోనే ఉన్నాడు. మా పిల్లలు తమ పక్కనే అతనికి చాప వేశారు. మా ఆవిడ పక్క వేసి, తల దగ్గర చెంబు పెట్టి, గ్లాసు బోర్లించింది. మరునాడు రాయచూరులో మనసుకు మందిచ్చే డాక్టరు దగ్గరికి కంపెనీ బస్సులో తీసుకెళ్లాను. భార్య, కూతురు వచ్చారు. ఆమె సెలవు పెట్టి చాలా రోజులు ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

తేరుకోవడం వాన కురిసినట్టు జరగలేదు. మందులు మొదట పడలేదు, మార్చారు. కొన్నాళ్లు బాగుండేవాడు, మళ్లీ కుంగేవాడు. చల్లగా, హాయిగా ఉన్న ఒక కార్తీక సాయంత్రం మంచం మీంచి లేవనే లేదు. నేను వెళ్లి పక్కన కూర్చునేవాణ్ణి. ఒక్కోసారి ఏమీ మాట్లాడేవాణ్ణి కాదు. మాట్లాడకుండా కూర్చోవడం నాలాంటి వాడికి ఎంత కష్టమో మా ఆవిడను అడగాలి. మరుసటి వేసవిలో, కాకులు చెట్టు దిగని ఎండలో, మేడ మీద నీళ్లు ఎవరు ముందు చల్లాలని అతను నాతో నిజంగా గొడవ పడ్డాడు. మొహం ఎర్రగా చేసుకుని, చేతులు తిప్పుతూ పోట్లాడాడు. నాకు అంత హాయినిచ్చిన పోట్లాట ఇంకోటి లేదు.

ఎండకు ఏ సంబంధమూ లేదని నేనిప్పుడూ అనను. ఎండ నిద్రను తినేస్తుంది, మంచి మనుషుల చేత చెడ్డ మాటలు అనిపిస్తుంది. వాన కూడా తక్కువది కాదు, తలుపులు వేయిస్తుంది. కాలం మనుషుల్ని ఒకరి దగ్గరికి ఒకర్ని తోస్తుంది, దూరమూ చేస్తుంది. అంతవరకే దాని పని అని నాకిప్పుడు అనిపిస్తుంది. ఆ మధ్యలో అడగాల్సింది మనమే.

పోయినేడు మా ఆవిడ పోయింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ నాకొక గడువు పెట్టారు. పదకొండో రోజు అయితే తేలికవుతుందని ఒకరు, మాసికాలు అయితే అలవాటవుతుందని ఒకరు, ఏడాది తిరిగితే నువ్వే మళ్లీ మామూలు మనిషివవుతావని ఇంకొకరు. వాళ్లందరి మంచితనం నాకు తెలుసు. నేను తల ఊపాను. తెనాలి నుంచి రైలెక్కి అతనూ వచ్చాడు. జుట్టంతా నెరిసింది, మనవరాలున్న మనిషి. నా పక్కన నేల మీద కూర్చున్నాడు. వదిన గోంగూరను పుంటికూర అనే అనేదండీ అని ఒక్కమాట అని, ఇద్దరం ఏడ్చాక, నిజం చెప్పండి, ఉండాలని ఉందా అని సూటిగా అడిగాడు. కొన్ని రోజులు లేదని చెప్పాను. ఎప్పటికి తగ్గుతుందో అతను చెప్పలేదు. వెళ్లేముందు, "రేపు పొద్దున్న ఫోన్ చేస్తానండీ" అన్నాడు.

చేశాడు. ఇవాళ కూడా చేశాడు.